పక్కసీటు నోస్కీ

ఎడ్గర్ నోస్కీ నలభై ఏళ్ళు టైర్లు అమ్మాడు గానీ, డ్రైవరు మాట విని ఒక్క కారుకీ టైరు వేయలేదు. పక్కసీటు మాట మాత్రమే విన్నాడు.

సీటు మాట్లాడుతుందా అని మీరు అడగవచ్చు. నోస్కీతో మాట్లాడుతుంది. షాపుకి కొత్తగా ఏ కారు వచ్చినా ముందు బూట్లు విప్పి గుమ్మంలో పెట్టేవాడు. ఎడమవైపు తలుపు తీసుకుని కూర్చుని, బెల్టు బిగించుకుని, కళ్ళు మూసుకుని "ఊఁ, పోనీ" అనేవాడు. కారు యజమాని నోరు మూసుకుని పోనివ్వాలి. ఉడ్‌సైడ్ రోడ్డు మీద మూడు కిలోమీటర్లు వెళ్ళి, మళ్ళీ మూడు కిలోమీటర్లు రావాలి. అంతసేపూ నోస్కీ మేజోళ్ళ పాదాలు రెండూ కారు నేలకి ఆనించి, రోగి ఛాతీ మీద గొట్టం పెట్టిన డాక్టరులా వింటూ కూర్చునేవాడు. షాపు ముందు కారు ఆగాక కళ్ళు తెరిచి, ఒకే ప్రశ్న వేసేవాడు.

"ఈ సీట్లో కూర్చునేదెవరు?"

దానికి జవాబు చెప్పకపోతే టైరు లేదు. ఎంత వేగంతో వెళతావు, ఎంత ఖర్చు పెడతావు, ఏ కంపెనీది కావాలి అన్న ప్రశ్నలు ఆయన దగ్గర ఉండేవి కావు. పక్కసీట్లో కూర్చునే మనిషి వయసు, బరువు, నడుము నొప్పి, కునుకు తీసే అలవాటు, ఇవన్నీ విచారించి, లోపలికి వెళ్ళి ఏదో ఒక టైరు దొర్లించుకుంటూ వచ్చేవాడు. "నాకిది వద్దు, అది కావాలి" అని ఎవరైనా అంటే, "అది నువ్వు నడపడానికి బాగుంటుంది గురూ. కూర్చోడానికి బాగుండదు" అని మళ్ళీ బూట్లు తొడుక్కునేవాడు. బూట్లు తొడుక్కున్నాడంటే బేరం ముగిసినట్టు.

లోబెథల్‌లో పాత ఉన్ని మిల్లు వెనక ఉండేది ఆయన షాపు. అడిలైడ్ నగరం పక్క కొండల్లో చిన్న ఊరది. గుమ్మంలో బూట్లు ఉంటే నోస్కీ లేడని, బూట్లు లేకపోతే ఉన్నాడని ఊళ్ళో అందరికీ గుర్తు. ఒకసారి ఎవరిదో కారు రోడ్డు చివర ఆగిపోతే, నోస్కీ మూడు కిలోమీటర్లు మేజోళ్ళతోనే నడిచి వచ్చి, "రోడ్డు ఇటువైపు బాగానే ఉంది. చర్చి దగ్గర ఒక్క గులకరాయి" అన్నాడు. తీర్పులు కూడా అలాగే ఉండేవి. "ఈ టైర్లు నిన్ను మోయడంలేదు, నీమీద పగ తీర్చుకుంటున్నాయి" అని ఒకడితో అన్నాడు. ఇంకొకడితో ఏమీ అనకుండా, కారు దిగి నేరుగా వెళ్ళి షాపులో బల్లమీద బోర్లా పడుకున్నాడు.

ఫోను చేస్తే మన పేరు ఆయనకు అక్కర్లేదు. "నేను నెవిల్‌ని" అంటే, "ఏ నెవిల్?" అనేవాడు.

"నెవిల్ ప్రెస్కాట్. భూగోళం మాస్టారిని. ఎర్ర రెండు సీట్ల కారు."

"ఓ, గ్లెనిస్ పక్కన కూర్చునేవాడివా! అలా చెప్పవేం మరి."

గ్లెనిస్ నా భార్య. ఆ నెవిల్‌ని నేనే. ఇది మిమ్మల్ని నవ్వించడానికే రాస్తున్నాను. కానీ ముందు ముందు నేను మొహం దాచుకోవలసిన చోట్లు కొన్ని వస్తాయి. అక్కడ మీరు కొంచెం పక్కకు చూస్తే నాకు మేలు చేసినవారవుతారు.

మా కొండల్లో స్పోర్ట్స్ కార్లవాళ్ళకి ఒక క్లబ్బుంది. నేను దాని కార్యదర్శిని. నెలకోసారి నాలుగు పేజీల పత్రిక రాసి, పంచిపెట్టడం నా పని. అధ్యక్షుడు క్లైవ్ హార్డిమన్, పళ్ళ డాక్టరు. నలభై మంది సభ్యులం. ఆదివారం ఉదయం గమరాకా మీదుగా బర్డ్‌వుడ్ వెళ్ళి, బేకరీ ముందు కార్లు వరసగా పెట్టి, జాము, క్రీము కూరిన కిచెనర్ బన్నులు తిని, ఒకరి కారు ఒకరు పొగుడుకుని, ఇంటికి వచ్చి ఒకరి కారు ఒకరు తిట్టుకునేవాళ్ళం. చెప్పుకోదగ్గ కార్యక్రమం అంతే.

క్లైవ్ ఒకసారి నోస్కీ దగ్గరికి వెళ్ళాడు. కారు పందేలవాళ్ళు వేసుకునేలాంటి టైర్లు అడిగాడు. నోస్కీ కళ్ళు మూసుకుని ఆరు కిలోమీటర్లు తిరిగి వచ్చి అడగవలసింది అడిగాడు.

"మా అత్తగారు. నెలకోసారి వస్తుంది" అన్నాడు క్లైవ్.

"ఎందుకు నెలకోసారే?"

"నీ కారెక్కితే తుంటి కదిలిపోతోందంటుంది. నేనేమీ బాధపడడంలేదులే."

నోస్కీ షాపులో ఉన్న అన్నిటికంటే మెత్తటి టైర్లు తెచ్చి బిగించాడు. మూడు నెలలు తిరక్కుండా అత్తగారు క్లైవ్ ఇంటికి మకాం మార్చేసింది. ఆదివారం వస్తే అందరికంటే ముందు కారెక్కి కూర్చునేది. క్లైవ్ నోస్కీని ఆ తరవాత క్షమించలేదు. ఆ మరుసటి ఏడు జూన్‌లో అడిలైడ్ వెళ్ళి పంతొమ్మిది అంగుళాల చక్రాలు, వాటికి పలచటి టైర్లు వేయించుకొచ్చాడు. టైరు కాదు, చక్రానికి నల్లరిబ్బను చుట్టినట్టుంది. బేకరీ ముందు దాని చుట్టూ జనం. నా కారు దగ్గర ఒక కుక్క తప్ప ఎవరూ లేరు.

ఆ కారు కోసం నేను ముప్పై ఐదేళ్ళు పిల్లలకి నదుల పేర్లు, కొండల పేర్లు చెప్పాను. రిటైరైన నెలలో కొన్నాను. ఎర్రది, రెండే సీట్లు, పైకప్పు తీసేయవచ్చు. దానికి నోస్కీ వేసిన టైర్లు చూస్తే పెళ్ళికొడుకుకి వంటింటి చెప్పులు వేసినట్టుంది. సోమవారం పొద్దున్నే వెళ్ళాను.

"క్లైవ్ వేయించుకున్నలాంటివి నాకూ కావాలి, నోస్కీ."

"వద్దు."

"పోనీ పద్దెనిమిది అంగుళాలు."

"వద్దు."

"టైర్లు అమ్ముకునేవాడివి, వద్దంటావేం?"

నోస్కీ టీ బల్ల దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఒక పళ్ళెంలో ఆయన తినబోయే కిచెనర్ బన్ను, పక్కన గట్టి బిస్కట్టు ఉన్నాయి. బొటనవేలితో ముందు బన్నుని నొక్కాడు. అది అణిగి, జాము కక్కి, మళ్ళీ లేచింది. తరవాత బిస్కట్టుని నొక్కాడు. అది టప్పున విరిగింది.

"రోడ్డు మీద గుంట వచ్చింది గురూ. ఎవరో ఒకరు లొంగాలి. లావు టైరుకి పక్కగోడ ఎత్తుగా ఉంటుంది, ముందు అది లొంగుతుంది. పలచటి దానికి లొంగడానికి చోటేదీ? అది లొంగకపోతే స్ప్రింగు లొంగాలి. నీది స్పోర్ట్స్ కారు, స్ప్రింగూ గట్టిదే. ఇక మిగిలింది మనిషి."

"మలుపుల్లో కారు బాణంలా తిరుగుతుందిటగా!"

"తిరుగుతుంది, కాదన్లేదు. నువ్వు పందేనికి వెళతావా?"

"లేదు."

"మరెక్కడికి వెళతావు?"

"...బేకరీకి."

"బన్ను పారిపోతుందా?"

"రోడ్డు ఎలా ఉందో చేతికి తెలుస్తుందంటున్నాడు క్లైవ్."

"నీ చేతికి తెలిస్తే ఏం లాభం? స్టీరింగు పట్టుకున్నవాడికి గుంట ముందే కనిపిస్తుంది. పళ్ళు బిగించుకుంటాడు, ఒళ్ళు సర్దుకుంటాడు, పట్టుకోడానికి చక్రం ఉంటుంది. పక్కవాళ్ళకి దెబ్బ తగిలాకే తెలుస్తుంది. ఈ సీట్లో కూర్చునేది గ్లెనిస్ కదూ?"

"గ్లెనిస్‌కి ఏం? గుండ్రాయిలా ఉంది."

నోస్కీ ఏదో చెప్పబోయి మింగినట్టు అనిపించింది. తరవాత బూట్లు తొడుక్కున్నాడు.

నేను అదే వారం అడిలైడ్ వెళ్ళి వేయించుకొచ్చాను. పాత చక్రాలు అక్కడే ఇచ్చేశాను.

ఆ ఆదివారం నాకు బాగా గుర్తు. కారు నిజంగానే బాణంలా తిరిగింది. గమరాకా దాటాక ఒక పొలం గేటు దగ్గర, పశువులు దాటకుండా రోడ్డుకి అడ్డంగా ఇనపకమ్మీలు పరిచి ఉంటాయి. పాత టైర్లతో దాటితే గుర్రుమనేది. ఈసారి ఎవరో కారు కింద సమ్మెటతో కొట్టినట్టు ధనాధనా మోగింది. గ్లెనిస్ "అబ్బా" అంది.

"చూశావా, రోడ్డు ఎలా తెలుస్తోందో!" అన్నాను నేను.

"తెలుస్తోంది" అంది గ్లెనిస్.

ఆ రోజు బేకరీ ముందు నా కారు చుట్టూ కూడా జనం. గ్లెనిస్ కారు దిగలేదు. ఆకలిగా లేదంది. నేను ఆవిడ వాటా బన్ను కూడా తిన్నాను. ఇది మీరు పక్కకు చూడవలసిన మొదటి చోటు.

తరవాతి ఆదివారం గ్లెనిస్‌కి గులాబీలు కత్తిరించే పని పడింది. ఆ తరవాత చర్చిలో కేకుల అమ్మకం. ఆ తరవాత తలనొప్పి. తోటపనిలో నడుము పట్టేసిందని మెల్లగా నడిచేది. "గులాబీల సంగతి వదిలెయ్యి, ఒక తోటమాలిని పిలుద్దాం" అన్నాను ఉదారంగా. పక్కసీట్లో నా టోపీ పెట్టుకుని ఒక్కణ్ణే వెళ్ళేవాణ్ణి. టోపీ గుంట వచ్చినప్పుడల్లా ఎగిరి కింద పడేది. దాన్ని కూడా ఒక సూచనగా తీసుకునే తెలివి నాకు లేకపోయింది.

ఆగస్టులో క్లబ్బు వార్షిక భోజనం. మధ్యాహ్నం, ఊరి హాల్లో. నోస్కీ సభ్యుడు కాకపోయినా ఏటా పిలిచేవాళ్ళం. గ్లెనిస్ కూడా వచ్చింది, రెండు వీధులే కదా అని నడిచి. భోజనాలయ్యాక కార్యదర్శి ఏదో ఒకటి చేసి నవ్వించడం ఆనవాయితీ. ఆ ఏడు నేను నోస్కీని అభినయించాను.

కుర్చీలు రెండు పక్కపక్కన వేయించాను. బూట్లు విప్పాను. మేజోడికి ముందే కత్తెరతో కన్నం చేసి పెట్టుకున్నాను, బొటనవేలు బయటికి వచ్చేట్టు. ఎడమ కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని, నోస్కీ గొంతుతో, "ఊఁ, పోనీ" అన్నాను. హాలు గొల్లుమంది. "ఈ టైరు ఏడుస్తోంది గురూ, వాళ్ళమ్మ గుర్తొచ్చినట్టుంది" అన్నాను. బల్లలు చరిచారు. నోస్కీ అందరికంటే గట్టిగా నవ్వుతున్నాడు, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటున్నాడు. నాకు ఊపు వచ్చింది. వేలెత్తి, ముక్కుతో గాలి పీల్చి, ఆఖరి ముక్క వేశాను.

"ఈ సీట్లో కూర్చునేదెవరు?"

వెనకనుంచి క్లైవ్ అరిచాడు. "ఎవరూ లేరుగా, నెవిల్! నీ టోపీ!"

ఆ నవ్వుకి అద్దాలు అదిరాయి. గ్లెనిస్ నవ్వలేదు. బల్ల అంచు పట్టుకుని మెల్లగా లేచి, సంచీ తీసుకుని, నోస్కీ దగ్గరికి వెళ్ళింది.

"నన్ను ఇంటి దగ్గర దింపుతావా?"

"దానికేం, రా" అన్నాడు నోస్కీ.

నా భార్య నలభై మంది చూస్తుండగా నా ఎర్రకారు దాటుకుని వెళ్ళి, టైర్లవాడి పాత ట్రక్కు ఎక్కింది. నేను ఒక్క బూటు మాత్రం తొడుక్కుని, బయటికి వచ్చిన బొటనవేలితో హాలు గుమ్మంలో నిలబడ్డాను.

ఇప్పుడు చెప్పబోయేది ఇంకా సిగ్గుచేటు. అరవై రెండేళ్ళ వయసులో నాకు అనుమానం పట్టుకుంది. ఆ రోజు ఇంటికి వెళ్ళి గ్లెనిస్‌ని నేను పలకరిస్తే, "ఆయన నీకేం చేశాడు నెవిల్?" అని మాత్రం అడిగింది. బుధవారాలు నేను పత్రిక అచ్చు పనులమీద ఉడ్‌సైడ్ వెళుతుంటాను. ఆ బుధవారం కాగితం అయిపోయి, గంట ముందే తిరిగొచ్చాను. మా వీధి మలుపులోకి వచ్చేసరికి మా గేటు ముందునుంచి నోస్కీ ట్రక్కు కదులుతోంది. అందులో గ్లెనిస్. మంచి కోటు వేసుకుంది. కింద గొర్రెతోలు పరిచి ఉంది. నవ్వుతోంది. నా కారులో ఆవిడ నవ్వి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టడానికి ప్రయత్నించి మానేశాను.

వెంబడించాను. ఎర్రటి స్పోర్ట్స్ కారులో, పంతొమ్మిది అంగుళాల చక్రాల మీద, ఎవరినైనా రహస్యంగా వెంబడించి చూడండి. ప్రతి గుంటకీ ధన్. ప్రతి అతుకుకీ ఠప్. పొలాల్లో ఆవులు తలెత్తి చూశాయి. గడ్డిమోపుల లారీ వెనక దాక్కున్నాను. లారీ పక్క రోడ్డులోకి తిరిగిపోయింది. నోస్కీ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, తొందరగా ఉంటే దాటిపొమ్మని సైగ చేశాడు. నేను బండి ఆపి, మ్యాపు చూసుకుంటున్నట్టు నటించాను. భూగోళం మాస్టారిని, ముప్పై ఏళ్ళుగా రోజూ తిరిగే రోడ్డు మీద.

మౌంట్ బార్కర్‌లో ఒక ఇటుకల భవనం ముందు ట్రక్కు ఆగింది. నోస్కీ దిగి, అటు వెళ్ళి తలుపు తీసి, చెయ్యి అందించాడు. ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ లోపలికి వెళ్ళారు. బోర్డు మీద ఏం రాసుందో కూడా చూడకుండా తలుపు తోసుకుని వెళ్ళి, "ఏం జరుగుతోందిక్కడ?" అని గర్జించాను.

గోడవారగా ఆరుగురు ముసలమ్మలు కూర్చుని ఉన్నారు. నలుగురికి చేతికర్రలు. ఏడో కుర్చీలో నోస్కీ, ఒళ్ళో గ్లెనిస్ పువ్వుల సంచీ పెట్టుకుని, రెండు చేతులతో దాన్ని జాగ్రత్తగా పట్టుకుని ఉన్నాడు.

"మెల్లగా అండీ" అంది నర్సు. "ఇది ఎముకల క్లినిక్కు. తమరెవరు?"

"నేను... గ్లెనిస్ భర్తని."

"భర్త ఉన్నాడా?" అంది ఒక ముసలమ్మ, పక్కావిడతో, కొంచెం గట్టిగానే. "మనం ఇతనే అనుకున్నాం కదే."

నోస్కీ పక్కన ఉన్న కుర్చీ చూపించి, "కూర్చో గురూ, ఇంకో పావుగంట పడుతుంది" అన్నాడు.

"ఆవిడకి ఏమైంది?"

"నన్నడక్కు. పక్కసీటు మాట పక్కసీటే చెప్పాలి."

గ్లెనిస్ బయటికి వచ్చింది. కోటు కింద నడుముకి వెడల్పాటి పట్టీ బిగించి ఉంది. అది రెండు నెలలుగా ఉందిట. ఒకే ఇంట్లో ఉంటూ నేను చూడలేదు. నన్ను చూసి ఆవిడ ఉలిక్కిపడలేదు. అలిసిపోయినట్టు నా పక్కన కూర్చుంది.

"ఎముకలు పలచబడ్డాయిట. రెండేళ్ళ క్రితమే చెప్పారు" అంది. "వెన్నుపూస ఒకటి చిట్లింది. ఆ ఇనపకమ్మీల దగ్గర. అతుక్కుంటోందిలే."

"తోటపని అన్నావు!"

"అన్నాను."

"నాకెందుకు చెప్పలేదు గ్లెనిస్?"

"చెబితే కారు అమ్మేసేవాడివి. ఆ సాయంత్రమే అమ్మేసేవాడివి, నాకు తెలీదా? అమ్మేసి, చేతులు కట్టుకుని నా ఎదురుగా కూర్చునేవాడివి. ముసలివాడివైపోయేవాడివి. నాకది ఇష్టంలేదు."

ముసలమ్మలు ఆరుగురూ పత్రికలు తెరిచి, తలకిందులుగా పట్టుకుని చదువుతున్నారు. గ్లెనిస్ నోస్కీ వైపు చూపించింది.

"ఈయన అడిగాడు, రెండేళ్ళ క్రితం బేకరీలో. 'మీకు నడుములో ఎక్కడ నొప్పి?' అని. నా చేత ఎవరూ చెప్పించలేదు, కారు చూసి కనిపెట్టాడట. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. నువ్వు ఏం తిట్టినా సరే మెత్తవి తప్ప వేయొద్దన్నాను. ఇక నువ్వు ఊరు దాటిపోయి వేయించుకొస్తే ఆయనేం చేస్తాడు? ఆ ఇనపకమ్మీల దెబ్బ తగిలాక ఇంక కారెక్కలేనని ఫోను చేశాను. ట్రక్కు టైర్లలో గాలి కాస్త తగ్గించి, గొర్రెతోలు పరిచి తీసుకొస్తున్నాడు."

ఇంటికి కూడా ఆవిడ ట్రక్కులోనే వెళ్ళింది. నేను వెనక నా కారులో. ప్రతి చప్పుడూ విన్నాను.

మర్నాడు షాపుకి వెళ్ళాను. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు గుమ్మం దగ్గరే చెదిరిపోయాయి. నోస్కీ నన్ను పైకీ కిందికీ చూసి, "బూట్లు విప్పు" అన్నాడు.

"నేనా?"

"విప్పి ఎడమవైపు కూర్చో."

"నువ్వు నడుపుతావా? నలభై ఏళ్ళలో ఎవరి స్టీరింగూ పట్టుకోలేదుగా!"

"లైసెన్సు ఉందిలే. కళ్ళు మూసుకో."

నా కారులో నేను ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. నోస్కీ వేగంగా ఏమీ నడపలేదు, నేను నడిపినట్టే నడిపాడు. నాకు మాత్రం మొదటి గుంటకే పళ్ళు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. ఎప్పుడు ఏది తగులుతుందో తెలియదు. దేన్ని పట్టుకోవాలో తెలియదు. చెయ్యి దానంతట అదే వెళ్ళి తలుపుకి ఉన్న తోలుపట్టీని దొరకబుచ్చుకుంది. పట్టీ కుట్లు ఊడిపోయి వదులుగా వేలాడుతోంది.

"ఆ కుట్లు చూశావా?" అన్నాడు నోస్కీ. "నువ్వు మొదటిసారి వచ్చినరోజే సగం ఊడిపోయాయి. అప్పటికి నీ టైర్లు మంచివే. మంచి టైర్ల మీదే ఇంత గట్టిగా పట్టుకునే మనిషికి ఎక్కడో నొప్పి ఉండాలి కదా."

"ఆపు నోస్కీ."

"ఇంకా రెండు కిలోమీటర్లుంది."

"నీకు దణ్ణం పెడతాను, ఆపు."

ఆపాడు. యూకలిప్టస్ చెట్ల కింద, రోడ్డు పక్కన. ముప్పై ఐదేళ్ళు పిల్లల్ని బెంచీ ఎక్కించినవాణ్ణి, మేజోళ్ళతో కూర్చుని తల వంచుకున్నాను.

"అందరిముందూ నిన్ను వెక్కిరించాను" అన్నాను. "ఒక్క మాట చెబితే నా నోరు మూతపడేది. అప్పుడైనా చెప్పవలసింది."

"బాగానే చేశావుగా! కన్నం కూడా సరైన వేలికే పెట్టావు. ఒక్కటే తప్పు."

"ఏమిటి?"

"నేను కుడి బూటు ముందు విప్పుతాను. నువ్వు ఎడమది విప్పావు."

నాకు నవ్వు వచ్చింది. దాంతోపాటు ఇంకేదో కూడా వచ్చింది గానీ, నోస్కీ మర్యాదగా కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ కూర్చున్నాడు.

"నన్ను క్షమించు, నోస్కీ."

"క్షమాపణలు నాకొద్దు గురూ, పెట్టుకోడానికి చోటు లేదు, షాపంతా టైర్లే. గాలి మాత్రం ప్రతి శనివారం చూసుకో. పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు."

ఆ సాయంత్రానికి కారుకి చిన్న చక్రాలు వచ్చాయి. వాటికి లావు టైర్లు, ఎత్తు పక్కగోడలు, మెత్తటి రబ్బరు. పాతవాటికంటే లావు. మలుపుల్లో కారు కొంచెం ఒరిగేది, చెప్పిన మాట ఒక క్షణం ఆలోచించి వినేది. "నీ కారు మా బామ్మ చెప్పులు వేసుకున్నట్టుందిరా" అన్నాడు క్లైవ్ బేకరీ ముందు. నేను తరవాతి నెల పత్రికలో మొదటి పేజీ అంతా నోస్కీకి క్షమాపణ రాశాను. వార్షిక భోజనంలో ఎవరు ఎవరిని వెక్కిరించారో, ఎవరు నిజంగా నవ్వులపాలు కావలసిందో, గ్లెనిస్ అనుమతించినంత మేరకు రాశాను. రెండు వారాలు పోయాక క్లైవ్ కారు కూడా నోస్కీ షాపులో కనిపించింది. గుమ్మంలో బూట్లున్నాయి. అత్తగారి తుంటి మీద కూడా నోస్కీకి ఒట్టేమైనా ఉందేమో నాకు తెలియదు. ఈ కొండల్లో పక్కసీట్ల రహస్యాలు ఆయన దగ్గర ఎన్ని ఉన్నాయో ఆయన చెప్పడు.

డిసెంబరులో డాక్టరు, ఇక మీరు కారెక్కవచ్చు, మెల్లగా, అన్నాడు. ఆ ఆదివారం గ్లెనిస్ కోటు వేసుకుని వచ్చి కూర్చుంది. మొదటి పది నిమిషాలు తలుపుకి కొత్తగా కుట్టించిన పట్టీ పట్టుకునే ఉంది. నేను రోడ్డుకంటే ఆ చేతినే ఎక్కువ చూశాను. ఇనపకమ్మీలు వచ్చాయి. గుర్రుమన్నాయి, అంతే. ఆవిడ చెయ్యి పట్టీ వదిలి ఒళ్ళోకి వచ్చింది. ఇంకో మలుపు తిరిగేసరికి తల ఒక పక్కకి వాలింది. నోరు కొంచెం తెరుచుకుంది. క్లబ్బు కార్లు ఒకదాని వెనక ఒకటి హారన్లు కొడుతూ నన్ను దాటిపోయాయి. క్లైవ్ అత్తగారు వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపింది. బర్డ్‌వుడ్ వచ్చింది, బేకరీ వచ్చింది. ఆపితే లేస్తుందేమోనని ఆపలేదు. మనుం రోడ్డు మీద చాలా దూరం వెళ్ళి, చుట్టు తిరిగి, ఇంకో దారిన వచ్చాను. గంటన్నర తరవాత మా గేటు ముందు కారు ఆపి, ఇంజను కట్టేయకుండా కూర్చున్నాను.

గ్లెనిస్ కళ్ళు తెరిచింది. గులాబీలు చూసింది, గేటు చూసింది, నన్ను చూసింది.

"ఇల్లేనా ఇది?"

"ఇల్లే."

"అప్పుడే వచ్చేశామా?" అంది చిరాగ్గా. "ఇంకో చుట్టు తిప్పు."